పంపిన 64 ఫోటోలు, అందిన 128 ఫైళ్లు: కొత్తవాడ దర్రీల కేటలాగు కేసు

పోయిన ఏడాది బతుకమ్మకు ఇంకా పది పన్నెండు రోజులుందనగా వరంగల్ కొత్తవాడ నుంచి ఫోన్ వచ్చింది. అక్కడ దర్రీలు (నూలు తివాచీలు) నేసే ఒక సంఘంలో లెక్కలు, ఆర్డర్లు, మెయిళ్లు అన్నీ చూసుకునే కాక. "కొడుకా, నేను పంపిన అంటున్న, నా మనుమరాలు రాలే అంటున్నది. ఇద్దర్ల ఎవరు అబద్ధమాడుతున్నరో నువ్వొచ్చి తేల్చు" అన్నాడు. సగం కోపం, సగం నవ్వు.

నాది హనుమకొండ చౌరస్తా పక్క సందులో చిన్న షాపు. సిస్టం సర్వీసింగ్, డీటీపీ, సీజన్లో ఆన్‌లైన్ అప్లికేషన్లు. "అటాచ్‌మెంట్ ఓపెన్ అయితలేదు" అనే కేసులు నెలకు రెండు మూడు వస్తాయి, చాలావరకు పది నిమిషాల్లో తేలిపోతాయి. ఇది మాత్రం తొమ్మిది రోజులు పట్టింది. పైకి ఒకే జబ్బులా కనిపించింది గానీ లోపల అయిదారు వేర్వేరు జబ్బులున్నాయి, అందులో ఒకటి నేనే తెచ్చిపెట్టాను. అందుకే మొత్తం రాస్తున్నా.

పని ఏంటంటే, దసరా తర్వాత ఒక ఎగ్జిబిషన్ ఉంది, దానికి 64 డిజైన్ల కేటలాగు కావాలి. వరంగల్ దర్రీలకు 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చిన సంగతి మీకు తెలిసే ఉంటుంది, అప్పటి నుంచి బయటివాళ్లు శాంపిల్ కంటే ముందు కేటలాగే అడుగుతున్నారని కాక అంటాడు. కాక ఆఫీసులో విండోస్ 10, మెయిల్‌కు ఔట్‌లుక్ ప్రోగ్రాం. ఆయన ఫోటోలు తీసి, ఒక్కోదానికి డిజైన్ పేరు పెట్టి, పేర్లు, సైజులు, ధరలు ఎక్సెల్‌లో ఎక్కించి బెంగళూరులో ఉన్న మనవరాలికి పంపాలి. ఆమె దగ్గర పదేళ్లు దాటిన మ్యాక్‌బుక్, కొత్త ఓఎస్ వేయలేదు. ఆమె ఫోటోల రంగులు సరిచేసి హనుమకొండలోనే ఉన్న ఒక లెక్చరర్ సార్‌కు పంపాలి. సార్‌ది ఉబుంటు, అంటే లినక్స్‌లో ఒక రకం. ఆయన స్నేహం కొద్దీ సంఘం వెబ్‌పేజీలు చూసిపెడతాడు, పైథాన్ భాషలో ఒక చిన్న స్క్రిప్ట్, అంటే ప్రోగ్రాం, రాసుకున్నాడు, అది షీట్‌లో డిజైన్ పేరు చదివి, అదే పేరున్న ఫోటో వెతికి పక్కన పెట్టి పేజీ తయారుచేస్తుంది. అంటే ఒక ఫైలు మూడు రకాల మిషన్ల మీదుగా తిరిగి మళ్లీ కాక దగ్గరికే వస్తుంది. బాగానే ఉంది కదా ప్లాన్ అనుకున్నాం.

రిచ్ అంటే మంచిదే గదా

కొత్తవాడ వెళ్లి చూస్తే కాక సెంట్ ఐటమ్స్‌లో మెయిల్ ఉంది, దానికి షీటు, ఎనిమిది ఫోటోలు తగిలించి ఉన్నాయి. నొక్కితే తెరుచుకుంటున్నాయి. కాక నా ముఖం చూశాడు, నేను ఆయన ముఖం చూశాను. మనవరాలికి ఫోన్ కలిపాను. "అన్నా, మెయిల్ వచ్చింది, ఫోటోలు లేవు, ఏదో ఒకటే ఫైల్ ఉంది, దాన్ని నొక్కితే ఏమీ అవట్లేదు" అంది. ఆ ఫైలు పేరు అక్షరం అక్షరం చదవమన్నాను. విన్‌మెయిల్ డాట్ డ్యాట్.

ఈ పేరు వినగానే సగం పని అయిపోయినట్టే. కానీ అంతకుముందు రెండు రోజులు తాతా మనవరాలు ఇద్దరూ "రాలేదు", "పంపిన" అనే రెండు మాటల మీదే కొట్లాడుకున్నారు, తెర మీద ఏం కనబడుతోందో ఒక్కసారీ చదివి చెప్పుకోలేదు. ఇద్దరి మాటా నిజమే.

కాకకు ఇలా చెప్పాను. మెయిల్‌లో ఫోటో ఫోటోగా పోదు కాకా. మెయిల్ పద్ధతి రాసుకున్నది 1982లో, అప్పుడు దాంట్లో పట్టేవి ఉత్త ఇంగ్లిష్ అక్షరాలు, అంకెలే. పదేళ్లకు, 1992లో, మైమ్ అనే పద్ధతి వచ్చింది. ఏ ఫైలునైనా ఉత్త అక్షరాలుగా విప్పేసి, ఉత్తరం లోపలే వరుసగా పేర్చి, ఇక్కడి నుంచి ఇక్కడిదాకా ఫోటో, దాని పేరు ఇది అని చీటీ పెట్టి పంపుతారు. అవతలివాడు చీటీ చదివి మళ్లీ బిగించుకుంటాడు. మగ్గం విప్పి ఆటోలో వేసినట్టు.

"అయితే మనోడు చీటీ పెట్టలేదా?"

పెట్టాడు, తన సొంత లిపిలో పెట్టాడు. ఔట్‌లుక్‌లో మెయిల్ రాసేటప్పుడు మూడు పద్ధతులుంటాయి: హెచ్‌టీఎంఎల్, ప్లెయిన్ టెక్స్ట్, రిచ్ టెక్స్ట్. ఈ రిచ్ టెక్స్ట్ ఎంచుకుంటే మెయిల్ రూపం, అటాచ్‌మెంట్లు అన్నీ కలిపి టీనెఫ్ అనే ఒకే మూటగా కట్టే వీలుంది. ఆ మూట పేరే విన్‌మెయిల్ డాట్ డ్యాట్. అవతల కూడా ఔట్‌లుక్ ఉంటే మూట విప్పేసి మామూలుగా చూపిస్తుంది, మూట ఉందని కూడా తెలియదు. లేకపోతే మూట మూటగానే చేతికొస్తుంది. టీనెఫ్ అనే పేరుకు పూర్తి అర్థంలో "న్యూట్రల్" అనే మాట ఉండటం నాకు ఎప్పుడూ నవ్వు తెప్పిస్తుంది.

ఆ బటన్ ఎవరు నొక్కారని అడిగితే కాక మొహమాటపడుతూ, "రిచ్ అన్నది గదా, గదే మంచిగుంటదనుకున్న" అన్నాడు.

ఆ మెయిల్‌లో హెచ్‌టీఎంఎల్‌కు మారిస్తే సరిపోతుందనుకోకండి. నేను మార్చి మళ్లీ పంపాను, మళ్లీ మూటే వెళ్లింది. ఎందుకంటే మనవరాలి కాంటాక్ట్ వివరాల్లో, ఆమె అడ్రసు మీద రెండుసార్లు నొక్కితే వచ్చే పెట్టెలో, ఇంటర్నెట్ ఫార్మాట్ అనే చోట కూడా రిచ్ టెక్స్ట్ అనే ఉంది. ఆమెకు వెళ్లే ప్రతి మెయిలూ అదే దారి పడుతుంది. అందుకే అదే రోజు నాకు పంపిన టెస్ట్ మెయిల్ చక్కగా వచ్చింది, అది చూసి పది నిమిషాలు తప్పుదారి పట్టాను. కాంటాక్ట్‌లో మార్చాను, టూ పెట్టెలో టైప్ చేస్తుంటే తనంతట తాను వచ్చే పాత అడ్రసును తీసేశాను, ఆప్షన్స్‌లో మెయిల్ విభాగంలోకి వెళ్లి రిచ్ టెక్స్ట్ మెయిళ్లు బయటికి పోయేటప్పుడు హెచ్‌టీఎంఎల్‌గా మారాలి అని పెట్టాను. మూడు చోట్లా చేస్తేనే కుదిరింది. అప్పటికే వెళ్లిపోయిన మూటలను మళ్లీ పంపించే పని లేకుండా సార్ ఉబుంటులో టీనెఫ్ అనే పేరుతోనే ఉన్న చిన్న ప్రోగ్రాం వేసి విప్పేశాడు, లోపల షీటూ ఫోటోలూ భద్రంగా ఉన్నాయి.

ఒక మాట. మూట ఉందా లేదా అని అనుమానం ఉంటే థండర్‌బర్డ్ అనే మెయిల్ ప్రోగ్రాంలో కంట్రోల్ యూ నొక్కండి, మెయిల్ అసలు రూపం కనిపిస్తుంది. అందులో కంటెంట్ టైప్ అనే లైను దగ్గర ఎంఎస్ టీనెఫ్ అని ఉంటే ఇదే జబ్బు. ఊహించుకోవడం కంటే ఆ లైను చదవడం తొందరగా అయ్యే పని.

64 పంపితే 128

తర్వాత ఒక చిన్న అడ్డంకి. మనవరాలు ఫోటోలు బాగుచేసి 19 ఎంబీ జిప్ పంపితే తిరిగొచ్చేసింది. లిమిట్ 25 ఎంబీ కదా అంది. ఇందాక చెప్పిన విప్పి పేర్చడంలో ప్రతి 3 బైట్లు 4 అక్షరాలవుతాయి, లైన్ల చివరలు కూడా కలిపితే దాదాపు 37 శాతం బరువు పెరుగుతుంది. 19 కాస్తా 26. జేపీఈజీ ఫోటోలను జిప్ చేసినా తగ్గేది దాదాపు ఏమీ ఉండదు, అవి ముందే నొక్కిపెట్టినవి. మూడు మెయిళ్లుగా పంపమన్నాను, అంతే.

అవి చేరిన రోజు సాయంత్రం కాక మళ్లీ ఫోన్. "కొడుకా, సగం ఫోటోలు కరాబైనయ్." మొత్తం 128 ఉన్నాయట, అందులో 64 తెరుచుకుంటున్నాయి, మిగతా 64కు అవే పేర్లు, ముందు ఒక చుక్క, ఒక కింది గీత, సైజు నాలుగైదు కేబీ, నొక్కితే ఫోటో పాడైందని చూపిస్తోంది. సార్‌ను అడిగితే, "నాకు 64 మాత్రమే కనబడుతున్నాయి, కానీ స్క్రిప్ట్ 128 లెక్కపెడుతోంది, నా స్క్రిప్ట్‌లోనే ఏదో తేడా ఉంది" అని ఆయన తన కోడ్ తనే తిట్టుకుంటున్నాడు. మనవరాలు తన జిప్ తెరిచి చూస్తే 64. ముగ్గురికి మూడు లెక్కలు.

మ్యాక్‌లో ఒక ఫైలుకు అసలు సరుకుతో పాటు పక్కన కొన్ని వివరాలు కూడా అంటిపెట్టుకుని ఉంటాయి, ఎక్కడి నుంచి దిగింది, ఏ రంగు గుర్తు పెట్టారు లాంటివి. మ్యాక్‌లో ఫైళ్లు చూపించే ఫైండర్‌లో మౌస్ కుడి బటన్‌తో కంప్రెస్ చేసినప్పుడు ఆ వివరాలను విడిగా, చుక్క కింది గీతతో మొదలయ్యే తోడు ఫైళ్లుగా చేసి, మ్యాక్ఓఎస్ఎక్స్ అనే ఫోల్డర్‌లో పడేస్తుంది. మళ్లీ మ్యాక్‌లోనే విప్పితే అవి తమ చోటికి చేరి మాయమైపోతాయి, అందుకే ఆమెకు కనబడవు. లినక్స్‌లో చుక్కతో మొదలయ్యే పేరు దాచిన ఫైలు కింద లెక్క, అందుకే సార్‌కు ఫోల్డర్‌లో కనబడలేదు, స్క్రిప్ట్‌కు మాత్రం కనబడ్డాయి. విండోస్‌కు ఈ రెండు సంప్రదాయాలూ పట్టవు, ఉన్నదంతా ఎదురుగా పెట్టేసింది. ఏదీ కరాబు కాలేదు, ఆ ఫోల్డర్ తీసేస్తే సరిపోయింది. అప్పటి నుంచి ఆమె టెర్మినల్ తెరిచి జిప్ కమాండ్‌తో చేస్తోంది, అలా చేస్తే ఆ ఫోల్డర్ చేరదు.

ఐత్వం

ఇక్కడి నుంచి అసలు కథ. ఇంత చిన్న గుర్తు ఇంత తిప్పలు పెడుతుందని నేను ఊహించలేదు.

తోడు ఫైళ్లు తీసేశాక సార్ స్క్రిప్ట్ నడిపితే 59 పేజీలు చక్కగా వచ్చాయి. అయిదు డిజైన్లకు "ఫోటో లేదు" అని వచ్చింది. ఫోటోలు ఫోల్డర్‌లో ఉన్నాయి, పేరు కళ్లముందు కనబడుతోంది, షీట్‌లో పేరూ అదే. సార్ స్పేసులు చూశాడు, స్పెల్లింగ్ చూశాడు, పేరు కాపీ చేసి వెతికాడు. నేను వెళ్లి పక్కన కూర్చున్నాను. టీ వచ్చింది, తాగాం, మళ్లీ చూశాం. ఆ అయిదు పేర్లు ఒక కాగితం మీద వరుసగా రాశాను, చేత్తో రాస్తే ఏమైనా తడుతుందేమోనని.

పైటంచు. మైదాన్ గళ్లు. మైనా రెక్క. కైవారం. పైపూల అంచు.

(మైదాన్ అంటే పోచమ్మ మైదాన్, కాక వాళ్ల గల్లీ పక్కనే కదా.) నాలుగోది రాస్తుండగా చేతికి తెలిసింది, కంటికి కాదు. అయిదింటిలోనూ ఐత్వం. షీట్‌లో మిగతా 59 పేర్లలో ఒక్కదాంట్లోనూ ఐత్వం లేదు.

చిన్నప్పుడు పలక మీద ఐత్వం ఎలా దిద్దించారో గుర్తు తెచ్చుకోండి. పైన ఎత్వం పెట్టి, కింద ఒక కొక్కెం తగిలిస్తాం. యూనికోడ్‌లోనూ, అంటే కంప్యూటర్లో ప్రతి అక్షరానికీ ఒక నంబరిచ్చే పద్ధతిలోనూ, అచ్చం అదే వ్యవహారం. ఐత్వాన్ని రెండు రకాలుగా రాయొచ్చు: మొత్తం ఒకే గుర్తుగా, 0సీ48 అనే నంబరుతో, లేదా ఎత్వం 0సీ46, కింది కొక్కెం 0సీ56, రెండు గుర్తులు పక్కపక్కన. తెర మీద రెండూ ఒకటే. లోపల మొదటిది 3 బైట్లు, రెండోది 6. తెలుగు అక్షరాలన్నిటిలో ఇలా అధికారికంగా రెండుగా విడిపోయే గుర్తు ఐత్వం ఒక్కటే.

ఎవరు విడదీశారు? మ్యాక్‌లో పాత డిస్క్ పద్ధతి, హెచ్‌ఎఫ్‌ఎస్ ప్లస్, ఫైలు పేరును దాచుకునేటప్పుడే విడిపోయే ప్రతి గుర్తునూ విడదీసి రాస్తుంది. 2017లో మ్యాక్‌లకు వచ్చిన ఏపీఎఫ్‌ఎస్ అనే కొత్త పద్ధతి పేరును మీరు ఇచ్చింది ఇచ్చినట్టే ఉంచుతుంది. మనవరాలిది పాత మ్యాక్, పాత డిస్క్. కాక విండోస్ నుంచి "పైటంచు" అని ఒకే గుర్తుతో పంపిన పేరు ఆమె డిస్క్ మీద దిగగానే ఎత్వం, కొక్కెంగా విడిపోయింది, జిప్‌లోకి అలాగే ఎక్కింది, ఉబుంటు దాన్ని ముట్టుకోకుండా వచ్చింది వచ్చినట్టే దించుకుంది. షీట్‌లో మాత్రం పేరు ఇంకా ఒకే గుర్తుతో ఉంది. స్క్రిప్ట్ బైట్లు చూస్తుంది గానీ ఆకారం చూడదు కదా, ఈ రెండూ వేర్వేరు పేర్లంది.

సార్ నమ్మలేదు. ఆ పేర్ల బైట్లు బయటికి తీసి చూపిస్తే పైటంచులో "పై" ఒకచోట 6 బైట్లు, ఇంకోచోట 9. అది చూశాక కుర్చీలో వెనక్కి వాలి, "ముప్పై ఏళ్లుగా తెలుగు రాస్తున్నా తమ్మీ, ఐత్వంలో ఎత్వం ఉందని ఇవ్వాళ తెలిసింది" అన్నాడు.

మందు సులువు. లినక్స్‌లో కన్వ్‌ఎంవీ అనే ప్రోగ్రాం ఉంది, దానికి ఎన్‌ఎఫ్‌సీ అని చెబితే ఫోల్డర్‌లో ఉన్న పేర్లన్నిటినీ కలిపిన రూపానికి మారుస్తుంది. మామూలుగా నడిపితే ఏం మారుస్తానో చూపించి ఊరుకుంటుంది, నిజంగా మార్చాలంటే నోటెస్ట్ అని విడిగా చెప్పాలి, అది మంచి అలవాటే. సార్ అంతకంటే తెలివిగా స్క్రిప్ట్‌లోనే రెండు వైపుల పేర్లనూ పోల్చేముందు ఒకే రూపానికి తెచ్చే లైను ఒకటి కలిపాడు. 64 పేజీలూ వచ్చాయి.

పేర్ల గురించే ఇంకొకటి. కాక ఆలస్యంగా వచ్చిన నాలుగు కొత్త డిజైన్లను మనవరాలికి కాకుండా నేరుగా సార్‌కు పంపాడు, అందులో ఒక ఫైలుకు పేరుగా డిజైన్, సైజు, నూలు రకం, నేసినాయన ఇంటిపేరు, ఏ రంగు మీద ఏ రంగు, అన్నీ రాసేశాడు. పేరు కాదది, పెండ్లిపత్రిక. విండోస్‌లో ఏ ఇబ్బందీ లేదు, ఉబుంటులో జిప్ విప్పుతుంటే "పేరు మరీ పొడుగు" అని ఆగిపోయింది. విండోస్ పేరును గుర్తుల లెక్కన 255 దాకా ఒప్పుకుంటుంది, లినక్స్ బైట్ల లెక్కన 255. తెలుగులో ఒక్కో గుర్తు 3 బైట్లు, అంటే 85 గుర్తులే. పైగా గుర్తు అంటే మనం అక్షరం అనుకునేది కాదు: "స్త్రీ" మనకు ఒక్క అక్షరం, లోపల స, పొల్లు, త, పొల్లు, ర, దీర్ఘం, మొత్తం 6 గుర్తులు, 18 బైట్లు. ఇంగ్లిష్‌లో పేర్లు పెట్టుకునేవాళ్లకు ఈ గోడ జన్మలో తగలదు.

నా మాటేమిటంటే ఊళ్లు దాటే ఫైళ్లకు అంకెలే పేర్లుగా పెట్టాలి, 01 నుంచి 68 దాకా, తెలుగు పేరు షీట్ లోపల ఉంటుంది. కాకకు ఇది నచ్చలేదు. "పేరు లేని దర్రీ ఏం దర్రీ కొడుకా, పేరు పెట్టినంకనే అది బయటికి పోతది" అన్నాడు. వాదించలేదు. చివరికి "37 మైదాన్ గళ్లు" అని అంకె ముందు, పేరు వెనక అన్నట్టు కుదిరింది, స్క్రిప్ట్ అంకె మాత్రమే చూస్తుంది.

నా తప్పు

ఈ భాగం రాయకుండా వదిలేద్దామనుకున్నా.

పేజీలు తయారయ్యాక ధరలు చూసుకోమని సార్ కాకకు ఒక సీఎస్‌వీ ఫైలు (కామాలతో విడదీసిన ఉత్త అక్షరాల పట్టిక) మెయిల్ చేశాడు. కాక దాన్ని డబుల్ క్లిక్ చేస్తే ఎక్సెల్‌లో తెరుచుకుంది, తెలుగు ఒక్క ముక్క లేదు, వరుసల నిండా నెత్తి మీద గీత ఉన్న చిన్న ఇంగ్లిష్ ఏ, దాని పక్కన డిగ్రీ గుర్తు, మళ్లీ గీత ఉన్న ఏ, ప్లస్ మైనస్ గుర్తు. ఫోన్లో కాక "పిచ్చి గీతలు" అన్నాడు, నేను వెంటనే "ఫాంట్ లేదు కాకా" అనేశాను. ఇరవై ఏళ్ల డీటీపీ అలవాటు, తెలుగు కనబడకపోతే నోట్లోంచి ఫాంట్ అనే మాటే వస్తుంది. వెళ్లి నాలుగు ఫాంట్లు వేసి, రీస్టార్ట్ చేసి, సగం రోజు పోగొట్టాను.

ఫాంట్ లేకపోతే డబ్బాలు వస్తాయి, ఈ గీతలు రావు. యూనికోడ్ గుర్తులను బైట్లుగా రాసే యూటీఎఫ్-8 పద్ధతిలో ప్రతి తెలుగు గుర్తు మూడు బైట్లని చెప్పాను కదా, అందులో మొదటి బైటు అన్నిటికీ ఒకటే, రెండోది రెండు రకాలే. ఆ ఫైలును ఎక్సెల్ యూటీఎఫ్-8 అని గుర్తుపట్టక ఒక్కో బైటును ఒక్కో ఇంగ్లిష్ అక్షరంగా చదివితే మొదటి బైటు గీత ఉన్న ఏ అవుతుంది, రెండోది డిగ్రీ గుర్తో, ప్లస్ మైనస్ గుర్తో అవుతుంది. కాబట్టి ఆ గీత ఏ, డిగ్రీ జంట కనిపించిందంటే అది శుభవార్త, లోపల తెలుగు చెక్కుచెదరకుండా ఉంది, చదివే పద్ధతే తప్పు.

ఇది తెలిసొచ్చాక డేటా ట్యాబ్‌లో టెక్స్ట్ నుంచి తెచ్చుకునే దారిలో వెళ్లి, 65001 అంటే యూటీఎఫ్-8 ఎంచుకుని సరిగ్గా తెరిచాను. తెలుగు వచ్చింది. కాక ధరలు సరిచేశాడు. అప్పుడు నేను మామూలు సీఎస్‌వీగా, అదే పేరు మీద, సేవ్ చేశాను. ఏదో హెచ్చరిక పెట్టె వచ్చింది, చదవకుండా యెస్ కొట్టాను. సార్‌కు మెయిల్ పెట్టేశాను.

అరగంటకు సార్ ఫోన్. "తమ్మీ, అన్నీ క్వశ్చన్ మార్కులే ఉన్నయ్."

గుండె జారింది. మామూలు సీఎస్‌వీ అంటే విండోస్ పాత ఇంగ్లిష్ కోడ్ పేజీలో (అక్షరాల పట్టికలో) రాసుకుంటుంది, అందులో తెలుగుకు చోటే లేదు, ప్రతి గుర్తు స్థానంలో ఒక ప్రశ్న గుర్తు రాసేస్తుంది. గీతల ఏ కనబడితే తెలుగు బతికి ఉన్నట్టు, ప్రశ్న గుర్తు కనబడితే పోయినట్టు, దాన్ని ఏ ఫాంటూ ఏ ప్రోగ్రామూ తిరిగి తేలేవు. కాక డెస్క్‌టాప్ మీది ఒరిజినల్ మీదనే రాసేశాను. సార్ సెంట్ ఫోల్డర్‌లో పాత ఫైలు ఉండబట్టి సరిపోయింది, కాక ఓపిగ్గా ధరలు రెండోసారి చెప్పాడు, నేను తలవంచుకుని టైప్ చేశాను.

ఈసారి సేవ్ చేసేటప్పుడు సీఎస్‌వీ యూటీఎఫ్-8 అని విడిగా ఉన్నదాన్ని ఎంచుకున్నాను. ఇది ఫైలు మొదట్లో కంటికి కనబడని మూడు బైట్ల గుర్తు ఒకటి పెడుతుంది, దాన్ని చూసి ఎక్సెల్ తర్వాత ఎప్పుడు తెరిచినా తెలుగు సరిగ్గా చూపిస్తుంది. హమ్మయ్య అనుకునేలోపు సార్ స్క్రిప్ట్ "నంబర్ అనే కాలమ్ లేదు" అని ఆగింది. కాలమ్ ఉంది, మొదటి గడిలోనే ఉంది, కాకపోతే ఆ కనబడని గుర్తు దాని పేరుకు ముందు అతుక్కుంది. పైథాన్‌లో ఫైలు తెరిచేటప్పుడు యూటీఎఫ్-8 బదులు యూటీఎఫ్-8-సిగ్ అని రాస్తే ఆ గుర్తు ఉంటే తీసేస్తుంది, లేకపోతే ఊరుకుంటుంది. ఒకవైపు పెట్టిన మందు రెండోవైపు దురద పుట్టించడం ఈ కేసు పొడవునా ఇలాగే నడిచింది.

చివరి రెండు రోజులు

కేటలాగు ముందుమాట కాక 'అను' అనే పాత తెలుగు ఫాంట్లలో కొట్టించి వర్డ్ ఫైలుగా మనవరాలికి పంపాడు. ఆమెకు అర్థంలేని ఇంగ్లిష్ అక్షరాలు, గుర్తులు కనిపించాయి. ఇది మాత్రం నిజంగానే ఫాంట్ గొడవ, నేను చెప్పిన రోగం చివరికి ఒకసారైనా వచ్చింది! అను పద్ధతిలో ఫైలు లోపల ఉండేవి ఇంగ్లిష్ కోడ్లే, వాటికి తెలుగు బొమ్మ తొడిగేది ఫాంటు, ఆ ఫాంటు లేని మిషన్‌లో తొడుగు ఊడిపోతుంది. అవతల మార్చే పని లేకపోతే ఫాంట్లు లోపలే ఉండేట్టు పీడీఎఫ్ చేసి పంపండి, మార్చే పని ఉంటే యూనికోడ్‌లోకి తిప్పండి. మేం యూనికోడ్‌లోకి తిప్పాం, నాలుగైదు వత్తులు తప్పుపడితే చేత్తో దిద్దాం. పేజీలు కూర్చే పాత ప్రోగ్రాం పేజ్‌మేకర్ ఫైలు నేరుగా పంపే ఆలోచన అసలు పెట్టుకోకండి, దాని చివరి వెర్షన్ 7, వచ్చింది 2001లో, ఇప్పటి మ్యాక్‌లో దాన్ని తెరిచేవాళ్లు దొరకరు.

అవతలి నుంచి ఇంకో చిన్నది: మనవరాలు మ్యాక్ మెయిల్‌లో రెండు వాక్యాలు రాసి, మధ్యలో ఫోటో లాగి పడేసి, కింద ఇంకో వాక్యం రాస్తుంది. కాక ఔట్‌లుక్‌లో ఆ కింది వాక్యం విడిగా ఏటీటీ, సున్నాలు, ఒకటి, హెచ్‌టీఎం అనే పేరుతో అటాచ్‌మెంట్‌గా వస్తోంది. కాక అది వైరస్ అనుకుని తెరవకుండా డిలీట్ చేస్తూ వచ్చాడు. వాటిలో ఒకదాంట్లో "తాతా, దసరాకు వస్తున్నా" అని ఉంది. అటాచ్‌మెంట్లను మెయిల్ చివర్లోనే పెట్టే సెట్టింగ్ మ్యాక్ మెయిల్‌లో ఉంది, అది పెట్టించాను.

ఎగ్జిబిషన్‌కు రెండు రోజుల ముందు 68 డిజైన్ల పీడీఎఫ్ వెళ్లింది. బిల్లులో ఫాంట్లు వేసిన సగం రోజు, ప్రశ్న గుర్తుల సాయంత్రం కలపలేదు. కాక బిల్లు చూసి ఇదేం తక్కువుంది అని అడిగాడు, చెప్పాను, నవ్వాడు, కుర్చీలో వేసుకొమ్మని చిన్న దర్రీ ఒకటి ఇచ్చాడు.

సంక్రాంతి తర్వాత మళ్లీ ఫోన్ చేశాడు. ఢిల్లీలో ఒక కొత్త పార్టీకి ఫోటోలు పంపితే వాళ్లు రాలేదంటున్నారట. నేను ఏదో అడగబోయేలోపే, "నేనే అడిగిన కొడుకా, అక్షరం అక్షరం చదివిపిచ్చిన, విన్‌మెయిలే వచ్చిందట. వాళ్ల పేరు మీద రెండుసార్లు నొక్కిన, రిచ్ అనే ఉన్నది. ఇప్పుడు దేనికి మార్చాలె?"